శుక్రవారం కంతు

జీన్సు గుడ్డ కొత్త తాను విప్పినప్పుడు ఒక వాసన వస్తుంది. గంజీ, నీలిరంగూ, లారీ దుమ్మూ కలిసిన వాసన. మొన్న శుక్రవారం పొద్దున అట్లాంటి తాను ఒకటి విప్పుతూ ఉంటే, మిషను బల్ల మీది ఫోను ఒకసారి మోగి ఊరుకుంది. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం తప్ప పెద్ద చదువు లేదు. మా కోడలు చూసి, "అప్పు కంతు పోయిందత్తా, బ్యాంకులో నుంచి" అని చెప్పి తన పనిలో పడింది. పోయింది. ఎవరూ కొంగున ముడివేసుకోలేదు, ఎవరూ గడప దాటలేదు, ఎవరి చేతిలోనూ పెట్టలేదు. నీలం అంటిన వేళ్లు చీరకు తుడుచుకున్నాను. ఒకప్పుడు ఈ శుక్రవారం కంతు సమయానికి పోవడానికి ఒక మనిషి నా కోసం ఎంత పాటు పడిందో ఇప్పుడు చెప్పినా ఎవరూ నమ్మరు. ఆమె పేరు కాసింబీ. మా వీధి అంతా కాసింబక్క అనేది.

మాది బెళుగుప్ప మండలంలో ఒక చిన్న ఊరు. తొంభైల చివరలో కాసింబక్కా, ఆమె భర్త ఉసేనన్నా యాడికి అనే ఊరి వైపు నుంచి వచ్చి మా ఎదురింట్లో దిగారు. ఉసేనన్న రోడ్డు మీద సైకిళ్లు బాగుచేసేవాడు. ఆమెకు ఒక తొక్కుడు మిషను ఉండేది; రవికెలు కుట్టేది, పాత చీరలతో బొంతలు కుట్టేది. వచ్చిన కొత్తలోనే ఒక సాయంత్రం గిన్నె పట్టుకుని మా గడపలో నిలబడి జొన్నపిండి బదులు అడిగింది. మా అత్త చెయ్యి అంత తొందరగా జారేది కాదు. అయినా ఏమనుకుందో, గిన్నెకు కొంచెం వెలితిగా పోసి ఇచ్చింది. మర్నాడు ఆ గిన్నె గోపురంగా నిండి వెనక్కు వచ్చింది. కొన్నాళ్లకు మిరప్పొడి అడిగింది, అదీ అట్లాగే వచ్చింది. మూడోసారి ఏదో అడిగేసరికి మా అత్తే లేచి, "ఆయమ్మకు నిండుగా పొయ్యి, మనది యాడికీ పోదు" అన్నది.

తర్వాత ఒకరోజు నేను రవిక కొలత ఇవ్వడానికి వాళ్లింటికి పోయి, డబ్బా నిండా ఉన్న జొన్నపిండి చూశాను. నిన్ననే కదక్కా పిండి అడిగినావు అంటే, ఆమె సూదిలో దారం ఎక్కించుకుంటూ తలెత్తకుండానే చెప్పింది.

"పిండి లేక అడిగినాననుకుంటివా? ఊరికి కొత్తోళ్లం మే. లేనప్పుడు పోయి అడిగితే ఎవరిస్తారు? ఉన్నప్పుడే అడిగి, తిరిగిచ్చి చూపించుకోవాల. లేని దినం దానంతట అదే వస్తాది."

అప్పుడు నాకు నవ్వు వచ్చింది. ఎంత గడుసుదమ్మా ఈమె అనుకున్నాను. ఆ మాట నా బతుకులోకి నడిచి వస్తుందని అనుకోలేదు.

మా ఇంట్లో లేని దినాలకు కొదవ లేదు. వేరుశెనగ వేయడం, వాన కోసం చూడటం, ఊడలు దిగే వేళకు నేల గట్టిపడి కాయ పట్టకపోవడం, పొట్టు గొడ్లకు వేసి మూట కట్టుకోవడం. ఏటా ఇదే. మా ఇంటాయన ఓబులేసు బెంగుళూరుకు కట్టడాల పనికి పోయేవాడు. ఉగాదికి వచ్చేవాడు, సిమెంటుకు పగిలిన చేతులతో. ఒక ఏడు ఆయన వచ్చి గుమ్మంలో సంచీ దించితే, మా చిన్నోడు నా చీర వెనక దాక్కుని, "ఎవురుమా ఆయప్ప?" అని అడిగాడు. ఆయన విన్నాడు. కాళ్లు కడుక్కోవడానికి పోయి చాలాసేపు అక్కడే ఉన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు ఒకటే పట్టుదల. ఈ మనిషిని ఊళ్లోనే ఉంచుకోవాలి.

అందుకు దారి చూపించిందీ కాసింబక్కే. అప్పటికి రాయదుర్గంలో జీన్సు కుట్టుపని పెరిగింది. కత్తిరించిన గుడ్డ మేస్త్రీలు పల్లెలకు పంపేవారు, కుట్టి ఇస్తే లెక్కకు దుడ్లు ఇచ్చేవారు. ఆమె తన మిషను మీద నాకు పని నేర్పింది. లావు గుడ్డకు సూది విరిగితే తిట్టేది కాదు. విరిగిన ముక్క వెతికి తీసేదాకా మాత్రం లేవనిచ్చేది కాదు, పిల్లల కాళ్లకు గుచ్చుకుంటుందని. చేయి తిరిగాక నేనూ ఒక తొక్కుడు మిషను తీసుకున్నాను. రాయదుర్గంలో ఒక ఫైనాన్సు వాళ్లు వారం కంతుల మీద ఇచ్చారు. మోటారు మిషన్లు రెండు ఉంటే మేమిద్దరమూ ఎదురెదురుగా కూర్చుని కుట్టుకోవచ్చు, బెంగుళూరు అక్కర్లేదు. తొక్కుడు మిషను అప్పు తీరితే వాటికి ఇస్తామన్నారు. నా లెక్క అది.

వాళ్ల వసూలు మనిషి మోటారు సైకిలు మీద వచ్చేవాడు. ఒక్కో ఊరికి ఒక్కో వారం. మా ఊరికి శుక్రవారం పడింది. అక్కడే వచ్చింది చిక్కు. మా ఊళ్లో ఏ ఇంట్లోనూ శుక్రవారం పూట రూపాయి గడప దాటదు. దీపం పెట్టిన తర్వాత ఏ రోజైనా దాటదు, ఇంటి మనిషి చేతిలో నుంచి కూడా పోదు. లక్ష్మి లేచిపోతుందని. మా అత్త దగ్గర అయితే ఉప్పు కూడా దాటేది కాదు. వారం మార్చమని అడిగితే ఆ మనిషి, తన దారి తనకు రాసి ఇచ్చిందని, మార్చే పెత్తనం తనది కాదని అన్నాడు. అందుకని అప్పు తీసుకున్న ఆడవాళ్లమంతా ఒక పద్ధతి పెట్టుకున్నాం. శుక్రవారం అతను వస్తే కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవాళ్లం. శనివారం పొద్దున ఎవరో ఒకరు బస్సెక్కి అందరి కంతులూ ఆఫీసులో కట్టి వచ్చేవాళ్లం. అతను మంచివాడు, కాదనలేదు. మజ్జిగ తాగి పోయేవాడు. ఒక్క కాసింబక్క మాత్రం తన అప్పు కంతు శుక్రవారమే అతని చేతిలో పెట్టేది. ఆమెకు మా పట్టింపు లేదు కదా అనుకునేవాళ్లం.

ఆ అప్పు తీరిన రోజు నా అంత గొప్పది లేదనిపించింది. ఒక్క కంతు ఎగ్గొట్టలేదు. ఒళ్లు కాలుతున్నా కుట్టాను, కమ్మలు కుదవపెట్టకుండా కట్టాను. మోటారు మిషన్ల కోసం రాయదుర్గం ఆఫీసుకు పోతూ కాసింబక్కను తోడు తీసుకుపోయాను. అక్కడి మేనేజరు పెద్ద రిజిస్టరు తిరగేసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, నెమ్మదిగానే చెప్పాడు.

"మీరు కట్టని కంతు ఒక్కటీ లేదమ్మా. సమయానికి కట్టిన కంతు కూడా ఒక్కటీ లేదు."

అంతా కట్టినాను కదా సారూ అన్నాను. కట్టారు, ప్రతివారమూ ఆలస్యమే అన్నాడు. చిన్న అప్పుకే ప్రతిసారీ ఆలస్యమైన మనిషికి పెద్ద అప్పు ఎట్లా ఇచ్చేది అన్నాడు. శుక్రవారం సంగతి చెప్పుకున్నాను. ఆయన వినలేదని కాదు, విన్నాడు. పాపం, వింటున్నట్టే తల ఊపాడు. చివరికి ఇంకో చిన్న అప్పు తీసుకుని ఏడాది పాటు చెప్పిన రోజుకు కట్టి చూపిస్తే అప్పుడు ఆలోచిస్తామన్నాడు. ఏడాది. అంటే ఓబులేసు ఇంకో ఏడాది బెంగుళూరులో ఉండాలి.

తిరుగు బస్సులో నేను కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాను. ఏడుపు కూడా రాలేదు, అంత అలసట. చాలా దూరం పోయాక కాసింబక్క మోచేత్తో పొడిచింది.

"ఏమ్మే సుంకమ్మా, శుక్రవారం మీ ఇంట్లో నుంచి పోగూడదు. అంతే గదా?"

"అంతే."

"మా ఇంట్లో నుంచి పోతే?"

నేను కళ్లు తెరిచాను.

"బేస్తవారం దీపాలు పెట్టకముందే తెచ్చి మా ఇంట్లో పెట్టు. మీ లక్ష్మికి మా ఇల్లు చుట్టాలిల్లు అనుకో. పొద్దున మా ఇంట్లో నుంచి నేను పంపిస్తా."

మా అత్త దీన్ని ఒప్పుకుంటుందా అని భయపడ్డాను. ఆమె వక్క నములుతూ అటూ ఇటూ తిప్పి ఆలోచించి, బేస్తవారం పోతే తప్పు లేదు, ఎదురింట్లో నుంచి ఏ వారం ఏది పోతే మనకేమి అని తీర్పు చెప్పింది. అట్లా మొదలైంది ఆ ఏడాది.

ఏడాది అనడానికి ఒక్క మాట. ఆ బేస్తవారాలు మాత్రం ఒక్కొక్కటీ ఒక్కో గుట్ట ఎక్కినట్టు ఉండేవి. వారం పొడుగునా కుట్టడం, మేస్త్రీ దగ్గర దుడ్లు రాబట్టుకోవడం, అవి తెచ్చి జీన్సు గుడ్డ పేలికలో ముడి వేసి ఎదురింటికి చేర్చడం. ముడి ఇచ్చి వచ్చిన మర్నాటి నుంచి మళ్లీ మొదలు. కంతు కట్టినందుకు ఎవరూ మెచ్చుకునేది లేదు. కట్టిన వారానికి ముందు వారం ఎవరికీ గుర్తుండదు. మంచి పేరు అంటే సుఖం అనుకునేదాన్ని. అది రోజూ ఊడ్చుకోవలసిన ఇల్లు అని ఆ ఏడాది తెలిసింది.

ఒక వారం గుడ్డ రాలేదు. చేతిలో ఏమీ లేదు. ఈ వారానికి నీ దుడ్లు వెయ్యక్కా, వచ్చే వారం ఇస్తాను అని అడిగాను. ఆమె దగ్గర ఉన్నాయని నాకు తెలుసు. ఆమె నా ముఖం చూసి వెయ్యను అంది.

"నేనేస్తే నీ అప్పు తీరదు మే. ఆడి నుంచి మా ఇంటికి మారుతాది, అంతే. వచ్చే వారం రెండు కంతులు మొయ్యగలవా నువ్వు?"

నాకు మండింది. పిండి బదులు ఇచ్చిన ఇల్లు మాది, ఇదా ఈమె చేసేది అనుకున్నాను. లేచి పోబోతుంటే ఒక చీరల మూట నా ముందు వేసింది. పక్క ఊరి వాళ్ల బొంతలు. ఇద్దరమూ ఎండ వాలేదాకా, మళ్లీ మర్నాడూ, మాట్లాడుకోకుండా కుట్టాం. వేళ్ల చివర్లు జల్లెడలయ్యాయి. కూలి వచ్చాక నా పాలు లెక్కగట్టి, నా చేతితోనే పేలికలో ముడి వేయించింది. కోపం ఆ ముడితోపాటే పోయిందని చెప్పలేను. రెండు మూడు వారాలు ఉండింది.

ఇంకో బేస్తవారం, మేస్త్రీ పొద్దుగూకేదాకా కూర్చోబెట్టి ఇచ్చాడు. బస్సు దిగి ఊళ్లోకి నడుస్తూ ఉంటే ఇళ్లన్నింటిలో దీపాలు వెలిగి ఉన్నాయి. అయిపోయింది, ఈ వారం తప్పింది అనుకున్నాను. వీధి మలుపు తిరిగి చూస్తే మా ఇల్లొక్కటే చీకటిగా ఉంది. మా అత్త గడపలో కూర్చుని ఉంది, పిడికిట్లో అగ్గిపెట్టె.

"బిన్న పోయి ఇచ్చి రా. నేనింకా ముట్టించలేదు" అంది.

ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి, చమురు అయిపోయిందా, ఇంట్లో ఎవరికైనా బాగలేదా అని అడిగారట. మా ఇంట్లో పొద్దు ఇంకా మునగలేదు పోండి అని తరిమిందట. ఆ ముసలామె పట్టింపు ఆమె వదల్లేదు, నా కంతూ తప్పనివ్వలేదు. ఎదురింటి గుమ్మంలో కాసింబక్క చెయ్యి చాపి నిలబడి ఉంది. ఇద్దరూ కలిసి నా కోసం పొద్దును ఆపి ఉంచారు.

ఏడాది దాదాపు గడిచింది. ఇంకా ఒకటి రెండు కంతులు ఉన్నాయి. ఆ బేస్తవారం నేను ముడి తీసుకుపోయేసరికి ఉసేనన్న మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఆయాసం, చలికాలంలో ఎక్కువయ్యేది. నన్ను చూసి, "వచ్చినాది చూడు, మా బ్యాంకులో దుడ్లు వేసేకి. వడ్డీ ఏమన్నా అడుగుతావా యేం?" అని ఎగతాళి చేశాడు. ఆ నవ్వుకే దగ్గు వచ్చింది. తెల్లవారేసరికి ఆయన లేడు.

శుక్రవారం పొద్దున ఆ ఇల్లు నిండిపోయింది. యాడికి నుంచి చుట్టాలు వస్తున్నారు. ఆయనను మధ్యాహ్నం నమాజు తర్వాత తీసుకుపోతామన్నారు. కాసింబక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, చుట్టూ ఆడవాళ్లు. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. నా ముడి ఆ ఇంట్లోనే ఎక్కడో ఉంది. అది గుర్తొచ్చినందుకే నా మీద నాకు అసహ్యం వేసింది. బయట రోడ్డు మీద మోటారు సైకిలు ఆగిన చప్పుడు వినిపించింది. పోనీ, ఈ ఒక్కటి పోనీ, ఇంకో ఏడాదైతే కానీ అనుకుని తల వంచుకున్నాను.

నా భుజం మీద చెయ్యి పడింది. కాసింబక్క నడుము దగ్గర దోపుకున్న తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టింది. గొంతు పోయి, గాలిలాగా వచ్చింది మాట.

"ట్రంకుపెట్టెలో ఎడమపక్కుండాది నీది. ఎర్రగుడ్డలోది నాది. రెండూ ఇచ్చి రా."

ఇయ్యాల వద్దులే అక్కా, వాళ్లకు చెప్తాను, అర్థం చేసుకుంటారు అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా ముందే ఉంది. అందులో కోపం లేదు. చాలా అలసట ఉంది.

"వాని పుస్తకంలో రెండే గళ్లుండాయి మే. కట్టినారు, కట్టలేదు. ఎందుకు కట్టలేదని రాసే గడి లేదు. పో."

ట్రంకుపెట్టె తెరిచాను. అత్తరు వాసన వచ్చింది. రెండు ముళ్లూ పక్కపక్కనే ఉన్నాయి. చావు ఇంట్లో నుంచి రెండు పిడికిళ్లూ మూసుకుని నడిచి పోతుంటే జనమంతా నన్నే చూస్తున్నట్టు అనిపించింది. వసూలు మనిషికి అప్పుడే సంగతి తెలిసినట్టుంది, బండి దిగి నిలబడి ఉన్నాడు. నేను రేపు వచ్చేవాణ్ణి కదమ్మా అన్నాడు.

"రేపొస్తే ఏమని రాస్తావు సారూ?" అని అడిగాను.

అతను చెయ్యి చాపాడు. లెక్కపెట్టకుండానే తీసుకున్నాడు. ఆ శుక్రవారం ఆ ఇంట్లో నుంచి మొదట నా కంతు పోయింది. తర్వాత ఉసేనన్న పోయాడు.

మోటారు మిషన్లు వచ్చాయి. ఓబులేసు బెంగుళూరు నుంచి దుప్పటీ చెంబూ కూడా తెచ్చేసుకున్నాడు, ఇంక పోననడానికి గుర్తుగా. జేబులు కుట్టడం ఆయన నాకంటే బాగా నేర్చాడు. మా చిన్నోడు ఆ మిషను కిందే దారపు ఉండలతో ఆడుకున్నాడు. అప్పు సగం తీరకముందే ఆ ఆఫీసు వాళ్లే ఇంటికి వచ్చి, నీ పేరు బాగుందమ్మా, ఇంకా తీసుకో, టీవీ తీసుకో, బండి తీసుకో అన్నారు. ఇంకో ఇద్దరు ముగ్గురు ఫైనాన్సు వాళ్లు కూడా వచ్చారు. మా వీధిలో కొందరు ఒకరి దగ్గర తెచ్చి ఇంకొకరికి కట్టి, ఆఖరికి ఊరు విడిచి పోయిన వాళ్లూ ఉన్నారు. నాకూ మనసు ఊగింది. పోయి అడిగితే కాసింబక్క అప్పటికి నెరిసిన జుట్టు ముడివేసుకుంటూ, "నీ పేరు బాగుండాదని వాడు సంబరపడతాండాడు. నీకు అవసరం ఉండాదా, అది చెప్పు" అంది. లేదు. ఊరికే ఇస్తామంటే ఆశ. ఇంటికి వచ్చి కుట్టుకుంటూ కూర్చున్నాను.

కొన్నేళ్లకు ఆమె రాయదుర్గంలో ఉన్న కూతురి దగ్గరికి పోయింది. అక్కడే కన్ను మూసింది. నేను పోయి చూసి వచ్చాను. మా అత్త ఆమెకంటే ముందే పోయింది. ఇప్పుడు మాకు బ్యాంకులో ఖాతా ఉంది. మొన్నామధ్య మా చిన్నోడి మిషన్ల అప్పుకు నేను కూడా సంతకం పెట్టాలంటే పోయాను. అక్కడి పిల్ల కంప్యూటరులో చూసి, నీ పేరు మీద ఒక్క మచ్చ కూడా లేదు అవ్వా, ఎట్లా పెట్టుకున్నావు ఇంత బాగా అని అడిగింది. అది నేనొక్కదాన్ని పెట్టుకున్న పేరు కాదు. బేస్తవారం రాత్రులన్నీ అది ఎదురింట్లో పడుకునేది. అయితే ఆ కంప్యూటరులో కూడా రెండే గళ్లు ఉండి ఉంటాయి. ఆ ముక్క రాసుకునే చోటు ఉండదు. నవ్వి, సంతకం పెట్టి వచ్చాను.

కంతు ఇప్పుడు ఏ వారం పడితే ఆ వారం దానంతట అదే పోతుంది. శుక్రవారమైనా పోతుంది, అడిగేవాళ్లు లేరు. అయినా ముందురోజు సాయంత్రం ఖాతాలో సరిపడా దుడ్లు ఉన్నాయో లేదో మా కోడలితో చూపించుకుంటాను. ఉన్నాయి అని ఆమె చెప్పేదాకా అగ్గిపుల్ల గియ్యను. చీకటి పడుతోంది కదత్తా, ఎవరి కోసం ఆగినావు అంటుంది. వీధిలో లైట్లన్నీ వెలిగి ఉంటాయి. ఎదురింటికి తాళం వేసి ఉంటుంది. ఆ గుమ్మం వైపు ఒకసారి చూసి, అప్పుడు దీపం పెడతాను.